పరదేశి పాలకొడుకు

తర్ఫాకు ఇద్దరు కొడుకులు. ఒకణ్ణి కంది, ఇంకొకణ్ణి కనలేదు. ముహర్రక్‌లో ఆ తేడా ఎవరికీ పట్టేది కాదు. ఒక రొమ్ము తాగినవాళ్ళు తోడబుట్టినవాళ్ళే. ఒకడి చెల్లెలు రెండోవాడికీ చెల్లెలే, పెళ్ళాడటానికి వీల్లేదు. అది దేవుడు పెట్టిన చుట్టరికం. దాని మీద నోరెత్తిన మొనగాడు ఆ అరబ్బు దీవిలో పుట్టలేదు.

కన్నవాడి పేరు గానిం. వాడు పుట్టి నెల దాటిందో లేదో, దాద్ కరీం అనే బలూచీ హమాలీ తలగుడ్డలో చుట్టిన పసిగుడ్డును తెచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. పెళ్ళాం పురిట్లో పోయిందట. మేకపాలు పడితే బిడ్డ కక్కేస్తోందట. నాలుగు వీధులు తిరిగి వచ్చాడు. తర్ఫా మొగుడు ముత్యాలు ఏరే పడవ మీద సముద్రంలో ఉన్నాడు. ఇంట్లో మగదిక్కు లేదు.

"అక్కా, ఒక్క పూట. ఒక్క పూట పట్టు. తర్వాత ఎలాగో చూసుకుంటా."

"ఒక్క పూట పట్టి రెండో పూటకి ఎక్కడికి పంపమంటావురా? సముద్రంలోకా?" అని తర్ఫా విసుక్కుని చేతులు చాచింది.

ఆ ఒక్క పూట రెండేళ్ళు సాగింది. దాద్ కరీం ఏమీ ఇవ్వలేనివాడు కనుక, బతికున్నన్నాళ్ళూ తెల్లారేసరికి ఆమె గుమ్మంలో ఒక తోలుతిత్తి మంచినీళ్ళు పెట్టి పోయేవాడు. పిల్లవాడికి తొమ్మిదేళ్ళప్పుడు దాద్ కరీం జ్వరం వచ్చి పోయాడు. గానిం తండ్రి అంతకు ముందే మునకలో పోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక విధవ, ఇద్దరు పిల్లలు, ఒక జరీ అల్లిక పని మిగిలాయి.

రెండోవాడి పేరు షంబే. బలూచీలో శనివారం అని అర్థం. శనివారం పుట్టాడని తండ్రి అలా పెట్టుకున్నాడు. వీధి పిల్లలు "ఒరే శనివారం! రేపు నీ తమ్ముడు ఆదివారం వస్తాడా?" అని వెంటపడేవారు. గానిం వాళ్ళని పట్టుకుని తన్నేవాడు. తన్ని వచ్చాక, "పదరా శనివారం, అమ్మ పిలుస్తోంది" అని తనే పిలిచేవాడు. ఆ హక్కు తనొక్కడికే ఉందని వాడి నమ్మకం.

జరీ అల్లిక ఒక్క మనిషితో అయ్యే పని కాదు. పక్కింటి సబీకా సూది పట్టుకుని కూర్చుంటే, పిల్లలిద్దరూ వేళ్ళకు బంగారు పోగులు తగిలించుకుని ఎదురుగా నిలబడి అటువి ఇటు, ఇటువి అటు మార్చేవారు. ఒకడి వేలు తడబడితే రెండోవాడి పోగు చిక్కుపడుతుంది. పన్నెండేళ్ళు వచ్చేదాకా వాళ్ళు ఆ పని చేశారు. మీసాలు మొలిచాక సిగ్గుపడి పడవ ఎక్కారు. గానిం మునిగేవాడు. షంబే పైన నిలబడి తాడు లాగేవాడు. మునిగేవాడి ప్రాణం తాడు లాగేవాడి చేతిలో ఉంటుంది. తర్ఫా నఖుదా దగ్గరికి వెళ్ళి, "గానిం తాడు షంబే తప్ప ఇంకొకడు పట్టడానికి వీల్లేదు" అని చెప్పి ఒప్పించుకుంది. నఖుదా అంటే పడవ పెద్ద, పడవకు దేవుడు. ఆడదాని మాట విన్న నఖుదా అని వారం రోజులు ఊరంతా అతన్ని ఆటపట్టించింది.

షంబే కరాచీ ఎప్పుడూ చూడలేదు. తండ్రి నేర్పిన నాలుగు తిట్లు తప్ప బలూచీ రాదు. ఆ తిట్లకు అర్థం అడిగితే, "ఏమో, బాగా పెద్దవే అనుకుంటా" అనేవాడు.

దొరల పెద్ద యుద్ధం ముగిసిన నాలుగో ఏడు, చలికాలంలో, బజారులో చేపల బుట్ట దగ్గర ఏదో మాటామాటా వచ్చి దీవిని ఏలే షేకు బంట్లు షంబేను పట్టుకుని చితకబాదారు. తప్పు వాడిదో కాదో ఎవరూ అడగలేదు. బంటుకి కర్ర చేతిలో ఉంటే అదే న్యాయం. వీపు చర్మం లేచిపోయి ఇంటికొచ్చాడు. తర్ఫా ఉప్పునీళ్ళతో కడుగుతుంటే గోడకు మొహం పెట్టి పళ్ళు బిగబట్టాడు.

సబీకా గుమ్మంలోంచి తొంగి చూసి మొదలుపెట్టింది. "మనామాలో గుడ్డల కొట్టు హిందువు ఉన్నాడు చూడు, పొట్టేసుకుని బజారు నడిమధ్య నడుస్తాడు. వాడి మీద ఏ బంటైనా వేలు వేశాడా? వెయ్యడు. ఎందుకు? వాడు తెల్లదొర మనిషి. వాడి తగువైనా తప్పైనా దొర కచేరీలోనే. మరి మనవాడి తండ్రి ఎక్కడివాడే? కరాచీ వాడు కాదూ? కరాచీ ఎవరిది? దొరది కాదూ?"

"ఐతే?"

"ఐతే ఏమిటి నీ మొహం! ఒక కాగితం రాయించుకో. కాగితం ఉన్నవాణ్ణి బంటు ముట్టుకుంటే కచేరీ నుంచి ఉత్తరం వస్తుంది. ఉత్తరం వచ్చిందంటే షేకు గారి ఇంట్లో ఆ పూట కాఫీ కూడా చేదే."

తర్ఫా ఆ మాట పట్టుకుంది. వాడి వీపు మానగానే చిన్న పడవలో పక్క దీవి మనామాకు దాటించి దొర కచేరీకి తీసుకెళ్ళింది. అక్కడ మీర్జా అస్కర్ అని బూషహర్ నుంచి వచ్చిన గుమాస్తా ఉండేవాడు. దొరకు అరబ్బీ మాటలు చెప్పేదీ, అరబ్బులకు దొర మాటలు చెప్పేదీ అతనే. మనిషి చెడ్డవాడు కాడు. గడులున్న కాగితం ముందు పెట్టుకుని, కలం ముంచి అడిగాడు.

"ఏ ఊరు?"

"ముహర్రక్. మా వీధే."

"వీడి సంగతి కాదమ్మా, వీడి తండ్రిది."

"కరాచీ అనేవాడు."

మీర్జా మొహం విప్పారింది. రాశాడు. "ఇక్కడ చుట్టాలు ఎవరైనా ఉన్నారా?"

"నేను లేనూ? తల్లిని."

"కన్నతల్లివా?"

"పాలిచ్చాను."

కలం ఆగింది. మీర్జా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎక్కడైనా చోటుందేమోనని. "పాలకి గడి లేదమ్మా. ఇక్కడివాళ్ళతో చుట్టరికం ఉందని రాస్తే పైన సందేహం పెడతారు. ఇతను మీవాడే, ఇక్కడివాడే అంటారు. ఎవరూ లేరని రాయమంటావా?"

షంబే ఆమె వంక చూశాడు. ఆమె వాడి వంక చూడలేదు.

"ఏది రాస్తే వీడి ఒంటి మీద దెబ్బ పడదో అది రాయి నాయనా," అంది. రాశాక మీర్జా చదివి వినిపించాడు: తండ్రి పరదేశి, కొడుకు పరదేశి, ఈ దీవిలో బంధువులు లేరు, ఇది నిజమని ముహర్రక్ నివాసి తర్ఫా సాక్ష్యం. ఆమె బొటనవేలు సిరాలో ముంచి నొక్కింది.

ఇంటికొస్తూ ఆ కాగితాన్ని తాయెత్తులు కుట్టే ముసలాడికిచ్చింది. వాడు దాన్ని ఎనిమిది మడతలు పెట్టి, ఖురాను వాక్యాలు కుట్టినట్టే ఎర్రతోలులో పెట్టి కుట్టాడు. తర్ఫా దాన్ని షంబే కుడి దండకు కట్టి, చదవాల్సిన మంత్రమేదో చదివి, మూడుసార్లు ఊదింది. పిశాచాలకు ఒక తాయెత్తు, బంట్లకు ఒక తాయెత్తు. ఏది ఎందుకు పనిచేస్తుందో ఆమె ఎప్పుడైనా అడిగిందా?

తాయెత్తు పనిచేసింది. అదే వచ్చిన చిక్కు.

రెండు నెలలు తిరక్కుండానే ఒక పెద్ద మనిషి తోట గోడ దూకి ఇద్దరూ ఖర్జూరపు గెల కోసుకుంటూ దొరికారు. బంట్లు గానింను చెట్టుకు కట్టి కొట్టారు. షంబే చొక్కా చేయి పైకి లాగి ఎర్రతోలు చూసి, "వీణ్ణి వదిలెయ్యండిరా, మనకెందుకు" అన్నారు. కలిసి దూకిన గోడ, కలిసి కోసిన గెల. దెబ్బలు మాత్రం ఒకడివి. షంబే ఆ పక్కనే నిలబడి ప్రతి దెబ్బా చూశాడు. ఇంటికొచ్చాక కత్తి తీసి తోలు కొయ్యబోతే తర్ఫా చెయ్యి పట్టుకుంది.

"నా పాల మీద ఒట్టు. తీశావంటే నా పాలు నీకు హరామే."

"అమ్మా, వాడి వీపు చూడు."

"చూశాను. ఇద్దరి వీపులూ కడిగే ఓపిక నాకు లేదు. ఒక్కడైనా నిండు ఒంటితో ఉండనీ."

గానిం బోర్లా పడుకుని నవ్వాడు. "ఉండనీలేవే అమ్మా. దొరగారి చర్మం మెత్తగా ఉంటుంది, మనలాగా కాదు."

ఆ రోజు నుంచి వాడు శనివారం అని పిలవడం మానేశాడు. 'దొరగారు' అన్నాడు. "దొరగారు లేచారా?" "దొరగారికి ఎండుచేప అరుగుతుందో లేదో, అడగవే అమ్మా." మొదట్లో షంబే కూడా నవ్వేవాడు. కాఫీ అరుగు మీది కుర్రాళ్ళు అందుకున్నాక నవ్వడం మానేశాడు. వేళాకోళం ఇంట్లో పుట్టి వీధిలో పెరిగితే, తిరిగి ఇంటికొచ్చేసరికి దాన్ని గుర్తుపట్టలేం.

వేసవి మునకలకు ముందు పడవను ఒడ్డుకు లాగి అడుగుకి సున్నం, కొవ్వు కలిపి పూస్తారు. ఆ పొద్దున ఇద్దరూ పక్కకు కట్టిన పలక మీద నిలబడి పూస్తున్నారు. కింద ఇసుకలో లంగరు పడి ఉంది. నఖుదా పని తొందరపెడుతున్నాడు. ఎండ ఎక్కుతోంది. ఎవడో కింది నుంచి, "ఏం గానిం, మీ దొరగారి చేత కూడా సున్నం పూయిస్తున్నావా? కచేరీ వాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు.

"నేను చెబుతూనే ఉన్నా," అన్నాడు గానిం. "ఒరే, దిగరా. ఇది ఇక్కడివాళ్ళ పడవ. నీ దేశపు ఓడ వచ్చాక దానికి పూసుకో."

"ఊరుకో గానిం."

"కాగితంలో ఏం రాసుందో నాకు తెలీదనుకున్నావా? బంధువులు లేరు. నువ్వే పక్కనుండి రాయించుకున్నావు."

"రాయించింది అమ్మ. మన అమ్మ."

"మన అమ్మా?" గానిం అందరికీ వినపడేలా నవ్వాడు. "పాలదేముందిరా, పాలు మేక కూడా ఇస్తుంది."

కింద ఎవరూ నవ్వలేదు. కొన్ని మాటలు అన్నవాడికి కూడా అవి బయటికి వచ్చేదాకా తెలియవు. గానిం మొహంలో ఆ తెలియడం కనిపించిందని తర్వాత అక్కడున్నవాళ్ళు చెప్పారు. వాడు ఇంకేదో అనబోయాడట. అనే లోపలే షంబే రెండు చేతులతో తోశాడు. కొట్టలేదు, కత్తి తియ్యలేదు. ఆరేళ్ళప్పుడు చాప మీద తోసినట్టు తోశాడు. గానిం వెనక్కి పడ్డాడు. లంగరు కొన తల వెనక తగిలింది.

తర్ఫా వచ్చేసరికి వాడి మొహం మీద సున్నం ఆరిపోయి ఉంది. ఆమె వాడి పక్కన కూలబడి సున్నం తుడవబోయింది. అప్పుడు వినబడింది, కర్ర ఒంటి మీద పడే చప్పుడు. ఆ చప్పుడు ఆమెకు బాగా తెలుసు. నలుగురు బంట్లు షంబేను ఇసుకలో ఖాజీ ఇంటి వైపు ఈడుస్తూ కొడుతున్నారు. వాడు చేతులు అడ్డం పెట్టడం లేదు. కొట్టండి, ఇంకా కొట్టండి అంటున్నాడు.

ఒక కొడుకు తల ఒళ్ళో ఉంది. రెండోవాణ్ణి చంపుతున్నారు. ఆ క్షణంలో ఆ తల్లి నోట ఏ మాట వస్తుంది? అంతకు ముందు ఒకసారి ఆదుకున్న మాటే వచ్చింది.

"కొట్టకండి! వాణ్ణి ముట్టుకోకండి! వాడు దొర మనిషి! వాడికి కాగితం ఉంది!"

బంట్లు ఆగారు. ఒకడు తోలు కోసి చూశాడు. కాగితం మడతలు విప్పి ఎర్ర ముద్ర చూసి, కర్ర దించి, "ఐతే మనకొద్దు. మనామా తీసుకుపొండి" అన్నాడు. తర్ఫా దేవుడికి దండం పెట్టింది.

గానింను పాతిపెట్టారు. మూడు రోజులు ఆడవాళ్ళు వచ్చి ఏడ్చి వెళ్ళారు. నాలుగో రోజు ఆమె నల్ల ముసుగు వేసుకుని ఖాజీ ఇంటికి పోయింది. ఖాజీ ముసలివాడు, కళ్ళు సరిగ్గా కనపడవు. ఆమె గొంతు గుర్తుపట్టి, "రా తల్లీ, గానిం అమ్మా. నీ కడుపుకోత దేవుడు చూశాడు" అన్నాడు.

"అయ్యా, ధర్మం అడుగుతాను చెప్పండి. నా కొడుకు నెత్తురు మీద హక్కు ఎవరిది?"

"మొగుడు లేడు, వాడికి పిల్లల్లేరు. నీదే."

"ఐతే నేను వదిలేశాను. షంబేను మన్నించాను. ఇద్దరు సాక్షుల్ని పిలవండి. మళ్ళీ చెబుతాను."

ఖాజీ తల ఊపాడు, గడ్డం తడిసింది. "చంపాలని చంపలేదు కదా. నువ్వు మన్నిస్తే ఈ లోకంలో వాడి బాకీ తీరిపోయింది. ఇక దేవుడి బాకీ. రెండు నెలలు తెంపకుండా ఉపవాసం ఉండమను. అంతే. అదే శాస్త్రం."

"నేను కూడా వాడితో ఉంటాను. ఎప్పుడు వదులుతారు వాణ్ణి?"

ముసలాయన గడ్డం తుడుచుకున్నాడు. "తల్లీ, నా దగ్గరుంటే ఈ పూటే వదిలేవాణ్ణి. వాడు నా దగ్గర లేడు. ముద్దాయి ఎవరి మనిషైతే కేసు వాళ్ళది. ఇక్కడివాడు చేస్తే నేను చూస్తాను. పరదేశి చేస్తే కచేరీలో చూస్తారు. బంట్లు వాణ్ణి నా దగ్గరికే తెస్తున్నారట కదా."

"అవును."

"మరి మధ్యలో ఏమైంది?"

మధ్యలో అడ్డం వచ్చింది తర్ఫా అరుపే. ఖాజీకి ఆ సంగతి తెలుసు, ఊరంతటికీ తెలుసు. అడిగాక ఆయనే నాలుక కరుచుకున్నాడు. తన వేలితో తన కన్ను పొడుచుకున్నవాళ్ళున్నారు. ఈమె రెండు కళ్ళూ పొడుచుకుంది.

ఖాజీ తన చేత్తో ఆమె మన్నింపు రాసి, ముద్ర వేసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి ఇచ్చాడు. "తీసుకెళ్ళు. చదువుతారో లేదో నాకు తెలీదు."

కచేరీలో విచారణ రోజున సబీకా తోడు వచ్చింది. దొర కుర్రవాడు, ఎండకు మొహం కమిలిపోయి ఉంది. అతనికి చిరాకు లేదు, కోపం లేదు. ప్రతి మాటా మీర్జా చెప్పేదాకా ఓపిగ్గా ఆగి రాసుకుంటున్నాడు. పడవ దగ్గరున్నవాళ్ళు నలుగురూ చూసింది చూసినట్టు చెప్పారు. షంబే కాళ్ళకు సంకెళ్ళతో నిలబడి, "తోశాను. నేనే తోశాను. నన్ను ముహర్రక్ ఖాజీ దగ్గరికి పంపండి. నేను అక్కడివాణ్ణి" అన్నాడు.

దొర ముందున్న కాగితం చూసి ఏదో అడిగాడు. మీర్జా తల దించుకుని తర్జుమా చేశాడు: "అక్కడివాణ్ణి కాదని నువ్వే రాయించుకున్నావు కదా, అని అడుగుతున్నారు."

తర్ఫా లేచింది. ఖాజీ కాగితం రెండు చేతులా పట్టుకుని ముందుకు వెళ్ళింది. మీర్జా తీసుకుని చదివి దొరకు చెప్పాడు. దొర ఆమె వంక చూసి, టోపీ లేని తల కొంచెం వంచి, నెమ్మదిగా నాలుగు మాటలు అన్నాడు.

"నీ మంచి మనసు రాసుకున్నారమ్మా," అన్నాడు మీర్జా. "దయ చూపించమని నువ్వు అడిగినట్టు రాశారు."

"దయ నేను అడగలేదు. ఆయనకి సరిగ్గా చెప్పు. హక్కు నాది. నా కొడుకు నెత్తురు నాది. నేను వదిలేశాను. ఇంకా వీణ్ణి ఎవరు పట్టుకున్నట్టు?"

మీర్జా దొరకు చెప్పలేదు. తనే జవాబు చెప్పాడు, గొంతు తగ్గించి. "ఈ చట్టంలో నెత్తురు తల్లిది కాదమ్మా. రాజుది."

"ఏ రాజుది?"

"సముద్రాల అవతల ఉంటాడు."

"ఆయనకి గానిం తెలుసా?"

మీర్జా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సబీకా వెనక నుంచి ఆమె ముసుగు పట్టి లాగింది, "రావే, కూర్చోవే" అని. ఆమె కూర్చోలేదు.

"ఐతే ఇంకొకటి చెప్పు. చచ్చినవాడికీ వీడికీ తల్లిని నేనే అని చెప్పు. అన్నదమ్ముల మధ్య జరిగింది. ఇంటి సంగతి."

ఈసారి మీర్జా చెప్పాడు. దొర మళ్ళీ ఆ కాగితం తీసి, చివరి గడి మీద వేలు పెట్టి, అడుగున ఉన్న వేలిముద్ర చూపించాడు. ఎవరూ తర్జుమా చెయ్యనక్కర్లేదు. ఆ బొటనవేలు ఆమెదే.

తీర్పు ఆ మధ్యాహ్నమే వచ్చింది. మీర్జా నిలబడి చదివాడు. మూడేళ్ళు హిందూ దేశపు జైలు. శిక్ష తీరాక ముద్దాయిని అతని సొంత దేశంలో వదిలిపెడతారు.

తర్ఫా సబీకా భుజం గట్టిగా పట్టుకుంది. "మూడేళ్ళే! విన్నావా? మూడేళ్ళయ్యాక సొంత ఊళ్ళో వదిలిపెడతారట. మూడేళ్ళు ఎంతసేపే? నేను బతికే ఉంటాను. ఒరే షంబే, బతికే ఉంటానురా!" ఆమె నవ్వుతోంది. కొడుకు పోయిన నెల్లాళ్ళలో అదే మొదటి నవ్వు. షంబే కూడా నవ్వాడు. "ఉండమ్మా, వచ్చేస్తా" అన్నాడు.

మీర్జా కాగితం మడిచాడు, విప్పాడు. దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా. సొంత దేశం అంటే కరాచీ."

ఆమెకు అర్థం కాలేదు. "కరాచీలో ఏముంది?"

"అక్కడ వదిలిపెడతారు. మళ్ళీ ఈ దీవికి రాకూడదు. అలా రాశారు."

"అక్కడ వీడికి ఎవరున్నారు?"

మీర్జా కాగితం మళ్ళీ మడిచాడు. సబీకా కల్పించుకుని అతన్ని నోటికొచ్చినట్టు తిట్టింది, అతని గడ్డాన్ని, కలాన్ని, అతన్ని కన్న ఊరినీ. అతను నిలబడి పడ్డాడు. కాగితం సలహా మొదట ఇచ్చింది తనే అని సబీకాకు తెలుసు. అందుకే అంత గట్టిగా తిట్టింది.

ఓడ వచ్చిన రోజు పొద్దున్నే తర్ఫా రొట్టెలు కాల్చి, ఖర్జూరాలు, వేయించిన చేప మూటకట్టుకుని మనామా రేవుకు వెళ్ళింది. ఓడ దూరంగా లోతు నీళ్ళలో ఆగింది. ఖైదీని చిన్న పడవలో తీసుకెళ్ళాలి. జవాను మంచివాడు. కాసేపు మాట్లాడుకోనిచ్చాడు.

ఆమె మూట విప్పి రొట్టె తుంచి వాడి నోటి దగ్గర పెట్టింది. షంబే మొహం పక్కకు తిప్పాడు.

"తినరా. నా మీద కోపమా?"

"ఉపవాసం అమ్మా. ఖాజీ చెప్పాడన్నావే, అదే. ఇది పంతొమ్మిదో రోజు. మధ్యలో తెగితే మళ్ళీ మొదటి నుంచి ఉండాలి."

ఆమె ఆ తుంపు తీసుకుని మళ్ళీ మూటలో పెట్టింది. "పొద్దు వాలాక తిను. చేప ముందు తిను, పాడైపోతుంది."

"సరే."

"ఓడలో పైన పడుకో. కింద వేడి."

"ఎక్కడ పడుకోమంటే అక్కడే కదమ్మా." ఓడ వంక చూసి అన్నాడు, "కరాచీలో నువ్వెవరి పిల్లాడివిరా అని అడిగితే ఏం చెప్పను?"

"ముహర్రక్ తర్ఫా కొడుకునని చెప్పు."

"వాళ్ళకి తర్ఫా ఎవరో ఎలా తెలుస్తుంది?"

ఆమె వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "వాడు ఆ మాట అన్నాడని నిజంగా చంపాలనుకున్నావా?"

"లేదమ్మా. నోరు మూయిద్దామనుకున్నా. వాడు వెంటనే ఏదో చెప్పబోయాడు. అదేమిటో వినలేదు. రోజూ అదే ఆలోచిస్తున్నా. ఏం చెప్పబోయి ఉంటాడంటావు?"

"శనివారం అని పిలవబోయి ఉంటాడు," అంది తర్ఫా. ఆమెకేం తెలుసు? తల్లి కనుక చెప్పింది.

జవాను దగ్గాడు. పడవ కదిలింది. షంబే వెనక్కి తిరిగి కూర్చుని ఆమె కనిపించినంతసేపూ చూశాడు. చెయ్యి ఊపడానికి వీల్లేదు, రెండు చేతులూ కలిపి గొలుసు వేశారు.

ఆమె ముహర్రక్ తిరిగి వచ్చి, ఇల్లు ఊడ్చి, ముందుగదిలో చాప పరిచింది. కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. తలుపులు బార్లా తెరిచి చాప కొసన నల్ల ముసుగుతో కూర్చుంది. సబీకా చూసి హడలిపోయి లోపలికి వచ్చింది.

"ఏమే, ఎవరు పోయారు?"

"నా రెండోవాడు."

"అవ్వ! నోరు కడుక్కో. వాడు బతికున్నాడు. ఓడలో ఉన్నాడు."

"గానిం పోతే మూడు రోజులు ఊరంతా వచ్చింది. వీడికి ఎవరూ రారా?"

"బతికున్నవాడికి పరామర్శకి వస్తారటే ఎవరైనా? అపశకునం కూడాను."

"ఐతే నువ్వు వెళ్ళు."

సబీకా వెళ్ళలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, చావింట్లో చెప్పే మాట చెప్పింది. "దేవుడు నీకు ఓర్పునివ్వాలి." తర్ఫా కాఫీ పోసి ఇచ్చింది. సబీకా తాగింది. తర్ఫా పొద్దు వాలాక తాగింది.

రెండో రోజు పడవ మీద తాడు లాగే కుర్రాళ్ళ తల్లులు ఇద్దరు వీధిలోంచి చూసి, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడి, వెళ్ళిపోయారు. పిల్లలు గోడ ఎక్కి తొంగి చూశారు. తర్ఫాకు మతి పోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఖాజీకి ఆ మాట చేరితే ఆయన, "మతి ఎవరికి పోయిందో నాకు తెలీదు" అన్నాడట.

మూడో రోజు సాయంత్రం నమాజు పిలుపు వినిపించింది. మూడు రోజులకు మించి దుఃఖానికి కూర్చోకూడదు. అది కూడా శాస్త్రమే. సబీకా లేచి, కప్పులు ఒకవైపు సర్ది, చాప ఆ కొస నుంచి చుట్టడం మొదలుపెట్టింది. సగం దాకా చుట్టి ఆగింది. ఈ కొసన తర్ఫా కూర్చునే ఉంది.

"లేవే," అంది సబీకా.

తర్ఫా లేవలేదు. సబీకా కాసేపు ఆ చుట్ట పట్టుకుని నిలబడి, మెల్లగా మళ్ళీ పరిచేసింది.